ఊది చూశాను, పీల్చి చూడలేదు

చచ్చిన రంపాలు ఐదింటిని విప్పి బతికిన రంపం ఒకటి కట్టాను. చెట్లు కోసే మోటారు రంపం. ఆకుపచ్చ దాని ఒళ్ళు, ఎర్ర దాని సిలిండరు, పసుపు దాని క్రాంకు, రంగు వెలిసిపోయి ఏ కంపెనీదో కూడా తెలియని ఇంకోదాని కార్బురేటరు, ఐదోదాని క్లచ్చు. ఒకదాని ముఖం ఒకటి ఎరగని సామాన్లు. వాటికి సంసారం కుదర్చడానికి నాకు ఇరవై రెండు రోజులు పట్టింది. మా తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి "కలగూరగంప" అని పేరు పెట్టాడు.

నేను రంపాలు బాగుచేస్తాను. తమ్ముడు వాటితో చెట్లెక్కి కొమ్మలు కోస్తాడు. చెట్టుమీద ఒంటిచేత్తో పట్టుకునేంత తేలిగ్గా ఉండాలి, లావు కొమ్మలో పెట్టినా మూలగకూడదు, అలాంటి రంపం కావాలని వాడు ఏడాదిగా నా ప్రాణం తీశాడు. కొందామంటే బలమున్నది బరువు, బరువు లేనిదానికి బలం లేదు. అందుకని చిన్న రంపం ఒంట్లో పెద్ద రంపం గుండె పెట్టాను. చెప్పినంత సులువు కాదు. సిలిండరు అడుగుని ఆకురాయితో రాయాలి. పిస్టను పైకి వచ్చినప్పుడు సిలిండరు నెత్తికి కొట్టుకుంటుందేమో చూడటానికి టంకం తీగ ముక్క లోపల పెట్టి, చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలవాలి. మళ్ళీ రాయాలి, మళ్ళీ కొలవాలి. పదకొండుసార్లు చేశాను. అంత ఓపికున్నదాన్ని, చివర్లో ఒక్క పని చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న ఇదే బల్ల ముందు నలభై ఏళ్ళు కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో చెవులకి ఏమీ పెట్టుకునేవాళ్ళు కాదు. మేం పిల్లలుగా ఉన్నప్పటికే పిలిస్తే పలికేవాడు కాదు. రంపం నడుస్తుండగా వెనకనుంచి వెళ్ళి భుజం తడితే ఉలిక్కిపడేవాడు, చేతిలో రంపం పెట్టుకుని ఉలిక్కిపడటం ఎవరికీ మంచిది కాదు. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టింది. గుమ్మంలో నిలబడి స్టీలు మూత ఎండలోకి పట్టి, ఆ వెలుగుని నాన్న ఎదురుగా ఉన్న గోడమీద ఆడించేది. వెలుగు పడిందంటే అర్థం ఒకటే, ముందు స్విచ్చి ఆపు, తర్వాత తిరిగి చూడు. భోజనానికి పిలవాలన్నా అదే, ఇల్లు తగలబడినా అదే. ఆ మూత నాకంటే నాకని నేనూ తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్ళం.

ఇప్పుడు బల్ల నాది. నాన్న పక్కగదిలో ఉంటాడు. రెండు నెలల కిందట నేను సరిచేసి పెట్టిన కార్బురేటరుని ఆయన మళ్ళీ విప్పాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పనికోసం వచ్చిన నలుగురి ముందే "నాన్నా, నా పనిలో నువ్వు వేలు పెట్టొద్దు" అన్నాను. ఆయనకి వినపడదు గానీ పెదవులు చదవడం వచ్చు. స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి టీ గ్లాసుతో గుమ్మం దాకా వస్తాడు, లోపలికి రాడు. పిలుద్దామని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడంతోనే సరిపెట్టాను.

ఇప్పుడు ఆ చేయని పని. ఇంజను గాలి పట్టి ఉంచుతోందా లేదా అని రెండు విధాల చూస్తాం. మొదటిది ఊదడం. కంతలన్నీ మూసి, సైకిలు పంపుతో లోపలికి గాలి కొట్టి, ఒంటినిండా సబ్బునీళ్ళు పూస్తే లీకున్న చోట బుడగ లేస్తుంది. రెండోది పీల్చడం. లోపలి గాలిని బయటికి లాగి, గేజు ముల్లు నిలబడిందో జారిపోయిందో చూడటం. రెండూ ఎందుకంటే, క్రాంకు బయటికి వచ్చే చోట ఒక రబ్బరు సీలు పెదవిలా దాన్ని పట్టుకుని ఉంటుంది. లోపలినుంచి ఊదితే ఆ పెదవి ఇంకా బిగుసుకుంటుంది. పీలిస్తే వదిలేస్తుంది. ఇంజను నడిచేటప్పుడు ఊదుతుంది, పీలుస్తుంది కూడా. పీల్చినప్పుడు సీలు దగ్గర బయటి గాలి దూరిందంటే, చెయ్యి రేసు మీద లేకపోయినా ఇంజను తనంతట తాను పరిగెత్తుతుంది. ఇంజను పరిగెత్తితే చైను తిరుగుతుంది.

పీల్చే పంపు నాన్న దగ్గర ఉంది. సైకిలు పంపులోని తోలు వాషరుని తిరగేసి ఆయనే చేసుకున్నాడు. ఆయన మంచం పక్క సొరుగులో ఉంటుంది. వెళ్ళి అడగాలి. అడిగితే దేనికని అడుగుతాడు, వచ్చి చూస్తాడు, వంక పెడతాడు. ఆయన సాయం లేకుండా కట్టానని అనిపించుకోవాలని నా కోరిక. అందుకని ఊది చూశాను. ఒక్క బుడగ రాలేదు. చాల్లే అనుకున్నాను.

ఆ పొద్దున తమ్ముడు రంపం పట్టుకెళ్ళడానికి వచ్చి గుమ్మం ముందే స్టార్టు చేశాడు. రేసు ఇస్తే గర్జించింది, వదిలితే బుద్ధిగా నెమ్మదించింది, చైను ఆగింది. నాకు గర్వంతో ఒళ్ళు తెలియలేదు. నాన్న టీ గ్లాసు కింద పెట్టి, షట్టరు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చెవులు పోయాక ఆయన అలాగే వింటాడు. కాసేపు ఉండి, నా ముఖంలోకి చూసి లోపలికి పోయాడు.

"చైను బ్రేకు కాస్త గట్టిగా ఉంది, కానీ పనిచేస్తుంది. రంపం నడుముకి వేలాడేసే ముందు బ్రేకు వేసుకో" అన్నాను తమ్ముడితో.

"అలాగేలే అక్కా."

వాడు వేసుకోడని నాకు తెలుసు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని అంటారు. మా ఇంట్లో చెవిటివాడు నాన్నే అయినా ఆ సామెత మాత్రం తమ్ముడి కోసమే పుట్టింది.

వాడు వెళ్ళిన గంటన్నరకి నాన్న పనిగదిలోకి వచ్చాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి. చేతిలో పీల్చే పంపు ఉంది. దాన్ని బల్లమీద నా ముందు పెట్టాడు.

"ఏంటి నాన్నా?"

"దీనిమీద దుమ్ము ఎక్కడిది అక్కడే ఉంది తల్లీ" అన్నాడు.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. పంపు వాడలేదని ఆయన కనిపెట్టేశాడు. పసుపు రంపం క్రాంకు గుర్తొచ్చింది. పాత సీలు ఏళ్ళ తరబడి రాసుకున్న చోట సన్నటి గాడి ఉంది. గోరు పెట్టి రాస్తే తెలిసింది. ఎమెరీ కాగితంతో రుద్ది, కంటికి కనపడకుండా పోయిందని ఊరుకున్నాను. కంటికి కనపడలేదు గానీ రెండోసారి కూడా గోటికి తగిలింది. తగిలిందని ఇప్పుడు గుర్తొస్తోంది.

"పొద్దున నీకు తెలిసిందా?" అని అడిగాను.

"రేసు వదిలాక ఒక అరక్షణం ఎక్కువ ఆడింది. ఇంకా వేడెక్కని ఇంజను, నా చెయ్యి ముసలిది, పొరపడ్డానేమో అనుకున్నాను." పంపుని నా వైపు జరిపి అన్నాడు, "వేలు పెట్టొద్దన్నావు కదా."

ఆ మాటకి ఏడుపు రావాలి. రాలేదు, భయం దాన్ని కూడా మింగేసింది. చల్లగా ఉన్నప్పుడే అరక్షణం ఎక్కువ ఆడిన ఇంజను, గంట కోశాక రబ్బరు వేడెక్కి మెత్తబడితే ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. తమ్ముడు కోత అవ్వగానే రేసు వదిలి, రంపాన్ని నడుముకున్న కొక్కేనికి తగిలిస్తాడు. అక్కడే, ఆ కుడి తుంటి పక్కనే, వాడిని మానుకి కట్టి ఉంచే పట్టీ ఉంటుంది. తొడ ఉంటుంది. పైనుంచి వచ్చే తాడు ఉంటుంది.

ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. వాడి ఫోను అన్నం సంచిలో ఉంటుంది, సంచి మా మరదలి దగ్గర ఉంటుంది. కింద నిలబడి వాడి తాడు పట్టేది తనే. ఇద్దరూ చెవులకి మూతలు పెట్టుకుంటారు. చెవులు కాపాడుకోండిరా, నాన్నలా అయిపోకండిరా అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది నేనే.

బండి తీశాను. సీసాల గోడౌను వెనక ఎండిపోయిన పెద్ద చెట్టు రేకుల కప్పు మీదికి వాలిందని, దాన్ని ముక్కలు ముక్కలుగా దించాలని తమ్ముడు చెప్పాడు. మామూలుగా అయితే ఇరవై నిమిషాల దారి. ఎంతలో వెళ్ళానో తెలియదు. ఒకచోట ఎర్ర దీపం పడితే ఆగాను, ఆగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. దారంతా నా చేతులు చేసిన పని ఒక్కొక్కటీ కళ్ళముందు తిరిగింది. రాసింది, కొలిచింది, బిగించింది. ఇంత బాగా చేసిన చేతులు ఇంత పాడుపని ఎలా చేశాయి?

గోడౌను కనపడకముందే రంపం వినపడింది. నేను కట్టింది కాబట్టి వెయ్యి రంపాల్లో ఉన్నా దాని గొంతు పోల్చుకుంటాను. కోత అయింది, రేసు వదిలాడు. గొంతు దిగాలి. దిగలేదు. పైస్థాయిలోనే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా సాగి, అప్పుడు అయిష్టంగా దిగింది. దిగి బండి గోడకి ఆనించి చెట్టు దగ్గరికి పరిగెత్తాను.

వాడు రెండంతస్తుల ఎత్తున ఉన్నాడు. మాను చుట్టూ పట్టీ, మోకాళ్ళు మానుకి తన్నిపెట్టి, మళ్ళీ కోత మొదలుపెట్టాడు. మరదలు నన్ను చూసి ఒక చెవి మూత పక్కకి జరిపింది.

"ఏంటి వదినా, ఇలా వచ్చారు? ముఖం అలా ఉందేంటి?"

"వాడు ఆపాలి. రంపం బాగాలేదు."

తను వెంటనే తాడు మీద రెండో చెయ్యి వేసింది. రెండుసార్లు లాగితే పని ఆపి కిందికి చూడమని గుర్తు. నేను దూకి తన మణికట్టు పట్టుకున్నాను. అంత గట్టిగా పట్టుకున్నానని తర్వాత కమిలిన చర్మం చూస్తే తెలిసింది.

"లాగకు. లాగితే వాడేం చేస్తాడు?"

"రంపం వదిలేసి రెండు చేతులూ..." అని ఆగిపోయింది. వాళ్ళ పద్ధతి అదే. తాడు కదిలితే రేసు వదిలి, రంపాన్ని నడుముకి వదిలేసి, రెండు చేతులతో మాను పట్టుకుని కిందికి చూడాలి. ఎవరి ప్రాణం కాపాడటానికి పెట్టిన పద్ధతో, ఇప్పుడు ఆ ప్రాణం మీదికే వచ్చింది.

"రేసు వదిలినా చైను ఆగడం లేదమ్మాయ్" అన్నాను.

"పెట్రోలు అయిపోవచ్చింది వదినా. ఐదు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఆగేదాకా చూద్దామా?"

దానికీ వీల్లేదు. ట్యాంకు అడుగంటినప్పుడు గాలి ఎక్కువై ఏ ఇంజనైనా ఆగే ముందు ఒకసారి పిచ్చిపట్టినట్టు పరిగెత్తుతుంది. ఇప్పటికే గాలి పీలుస్తున్న ఈ ఇంజను ఆ నిమిషంలో ఏం చేస్తుందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. అరవడానికి వీల్లేదు, వినపడదు. వినపడి తల తిప్పినా ప్రమాదమే. తాడు లాగకూడదు, ఊరికే ఉండకూడదు. మరదలు నా భుజం పట్టుకుని "ఏదో ఒకటి చెప్పండి వదినా" అంటోంది. నాకు అమ్మ గుర్తొచ్చింది.

బండికున్న అద్దం. పానా ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. పన్నెండేళ్ళుగా నట్లు విప్పే వేళ్ళు ఆ ఒక్క నట్టు దగ్గర మూడుసార్లు జారాయి. విప్పి, ఎండ పడే చోటికి పరిగెత్తి, అద్దం పైకెత్తాను. వెలుగు వాడి ముఖంమీద పడకూడదు. కళ్ళు మూసుకుంటే కథ అక్కడితో అయిపోతుంది. వాడి చేతులకి ఎదురుగా, మాను మీద పడాలి. నా చెయ్యి వణుకుతుంటే వెలుగు అంత ఎత్తున గజాల కొద్దీ గెంతుతోంది. రేకుల మీద పడింది, ఆకాశంలోకి పోయింది, పట్టీ మీద పడింది. మరదలు వెనకనుంచి వచ్చి నా మోచేతిని రెండు చేతులతో పట్టుకుంది. తనూ వణుకుతోంది, అయినా ఇద్దరం కలిస్తే కాస్త తక్కువ వణికాం. వెలుగు మాను మీదికి ఎక్కింది. రంపానికి జానెడు పైన నిలబడింది. ఆడించాను.

కొమ్మ తెగి పడింది. వాడి చెయ్యి రేసు మీదనుంచి లేచింది. ఇంజను గొంతు దిగలేదు, పైకి పోయింది. వాడి కుడిచెయ్యి అలవాటుగా రంపాన్ని నడుము వైపు తీసుకుపోతోంది. నేను కళ్ళు మూసుకోలేదు, మూసుకోవాలనే ఉంది. ఆ చెయ్యి సగం దారిలో ఆగింది. వాడు మాను మీద ఆడుతున్న వెలుగుని చూశాడు. బొటనవేలు స్విచ్చి మీదికి పోయింది.

నిశ్శబ్దం. పక్కవీధిలో ఎవరో బకెట్టు దించిన చప్పుడు కూడా వినపడింది.

వాడు కిందికి చూడలేదు. తన నడుము వైపు చూసుకుంటున్నాడు. తర్వాత, నిద్రపోతున్న పిల్లని లేపకూడదన్నట్టు మెల్లగా అన్నాడు.

"అక్కా, పట్టీ సగం తెగింది. తాడు గట్టిగా పట్టుకోమను."

మేమిద్దరం తాడు పట్టుకున్నాం. వాడు రంపాన్ని ముందుగా వేరే తాడుకి కట్టి దించేశాడు, పట్టీ మీద బరువు వేయకుండా ఒక్కొక్క అడుగే దిగాడు. వాడి చెప్పు నేలకి ఆనేదాకా మేం తాడు వదల్లేదు. దిగాక మరదలు వాడి చొక్కా పట్టుకుని రెండు దెబ్బలు వేసి కూలబడింది. పట్టీని నేను చేతిలోకి తీసుకున్నాను. అంతకుముందు రంపం నడుముకి తగిలించినప్పుడల్లా చైను తాకి, వేలంత మందం నేత సగం దాకా కోసుకుపోయి పోగులు లేచి ఉంది. వాడి ప్యాంటు తొడ దగ్గర కూడా చీలి ఉంది. లోపల చర్మం మీద ఎర్రటి గీత, అంతే.

"ఆగట్లేదని నీకు తెలియలేదురా?" అన్నాను.

"తెలిసింది. అరగంట నుంచీ అలాగే చేస్తోంది."

"తెలిసీ కోస్తున్నావా?"

"రేసు మీద నా చెయ్యే ఆనుకుంటోందేమో అనుకున్నాను. కొత్త రంపం, పట్టు కుదరలేదేమోనని." చెమట తుడుచుకున్నాడు. "నువ్వు కట్టింది కదా అక్కా, అందులో తప్పుంటుందని అనిపించలేదు."

అంతవరకూ నేను భయపడింది ఒక ఎత్తు, ఆ మాట విన్నాక పట్టుకున్న భయం ఒక ఎత్తు. వీడు తన చెయ్యిని అనుమానించాడు, తన చెవిని అనుమానించాడు, నన్ను అనుమానించలేదు. నా పనిని నమ్మి ఎంత ఎత్తుకైనా ఎక్కుతాడు. నేనేమో సొరుగు దాకా నడవడానికి నామోషీ పడ్డాను.

ఇంటికి వచ్చి రంపాన్ని నాన్న ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను, పెదవులు సరిగ్గా కనపడేలా నెమ్మదిగా. ఒక్క మాట కూడా దాచలేదు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. కళ్ళజోడు పెట్టుకుని "విప్పు" అన్నాడు. ఇద్దరం విప్పాం. గాడి ఉన్నచోట లేతు పనివాడి చేత సన్నటి ఉక్కు తొడుగు వేయించాను. కొత్త సీళ్ళు వేశాం. బ్రేకుని ఒక్కవేలితో పడేలా ఆయనే ఆకురాయితో రాశాడు. పంపు లాగి చూశాం. ముల్లు కదలలేదు. ఆ వారంలో నేను ఒక్కదాన్నే ఇంకో ఎనిమిదిసార్లు లాగి చూశాను. ఒకసారి భోజనం మధ్యలో లేచి వెళ్ళి చూశాను.

వారం తర్వాత తమ్ముడు వచ్చాడు. కొత్త పట్టీ కొనుక్కున్నాడు. బల్లమీది రంపం తీసుకుని గుమ్మం వైపు నడిచాడు.

"ఆగు" అన్నాను. "అడగవేంట్రా?"

"ఏం అడగాలి?"

"ఊది చూశావా, పీల్చి చూశావా అని అడుగు. అడగనిదే ఇవ్వను."

వాడు నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "సరే. పీల్చి చూశావా అక్కా?"

మొత్తం తొమ్మిదిసార్లు చూశాను. ఔనని ఒక్క ముక్క చెప్తే చాలు. కానీ చెట్టుమీద ఆ గొంతు దిగకుండా పైకి పోవడమే మళ్ళీ వినపడింది. వాడి చేతిలోనుంచి రంపం తీసుకుని బల్లమీద పెట్టాను. ప్లగ్గు విప్పాను. నాన్న గుమ్మంలోనుంచి లోపలికి వచ్చి పంపు అందించాడు, ముగ్గురం ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాం.